పాటలో చూపించని ఫారిన్

హీరో కన్ను కొడతాడు. హీరోయిన్ సిగ్గుపడుతుంది. డోలక్ మీద దెబ్బ పడుతుంది... అంతే! గంటస్తంభం దగ్గర నిలబడాల్సిన ఇద్దరూ స్విట్జర్లాండ్ మంచులో దొర్లుతుంటారు. పల్లవి అయ్యేసరికి పారిస్, మొదటి చరణానికి లండన్, రెండో చరణానికి మరో వూరు! మధ్యలో ఆరు డ్రెస్సులు మారతాయి. ఒక్క సూట్‌కేసూ కనబడదు!

రాజ్‌కపూర్ 1964లో వచ్చిన ‘సంగమ్’ కోసం యూరప్ వెళ్ళాడు. 1967లో ‘యాన్ ఈవినింగ్ ఇన్ పారిస్’ అని పేరులోనే వూరు పెట్టేశారు. అప్పట్నించీ ఇప్పటిదాకా మన సినిమాలు మనల్ని ఎన్ని దేశాలు తిప్పాయో లెక్కలేదు. కానీ ఏ పాటలోనైనా హీరోగారు వీసా కాగితాలు పట్టుకుని నిలబడటం చూశారా? హీరోయిన్ తన పాస్‌పోర్టులో ఇంటిపేరు సరిగ్గా పడలేదని కంగారుపడటం చూశారా? నలుగురు స్నేహితులు టీకొట్టు దగ్గర కూర్చుని “ముందు ఏ వూరు?” అని దెబ్బలాడుకోవడం చూశారా?

నేను చూశాను. చూడటమేమిటి, ఆ దెబ్బలాట నడిపించిన దర్శకుణ్ణి నేనే! ఆ సినిమా ఇంటర్వెల్ దగ్గరే ఆగిపోబోయింది. అలా ఆగిపోయి వుంటే తప్పెవరిదో కూడా మీకు దాచకుండా చెబుతాను.

తారాగణం

మేం నలుగురం విజయనగరంలో డిగ్రీ కలిసి చదివాం. పేర్లెందుకు లెండి, ఆనాటి ముద్దుపేర్లే ఇప్పటికీ చెల్లుబాటు. ఒకడు ‘హీరో’. కాలేజీలో జుట్టు చూసి పెట్టిన పేరు. ఇప్పుడు జుట్టు లేదుగానీ సెల్‌ఫోన్ల షాపుంది. రెండోవాడు ‘క్యాషియర్’. అప్పట్లో టీ డబ్బులు అందరి దగ్గరా వసూలు చేసేవాడు, ఇప్పుడు నిజంగానే బ్యాంకులో క్యాషియరు. మూడోవాడు ‘మేష్టారు’. గవర్నమెంటు స్కూల్లో సోషల్ చెబుతాడు. నాలుగోవాణ్ణి నేను. హైదరాబాదులో వుంటూ సినిమా పత్రికలకి రాసుకునేవాణ్ణి. ఇచ్చిన పత్రికకి ఇచ్చినంత!

మా సింగపూర్ కథకి మూలం ‘అందమైన అనుభవం’. బాలచందర్ 1979లో తీసిన సినిమా. కమల్‌హాసన్, రజనీకాంత్, జయప్రద, విశ్వనాథన్ గారి పాటలు... అది మా తరం సినిమా కాదు, మా నాన్నల తరం సినిమా. మేం చూసింది హీరో వాళ్ళింట్లో, టీవీలో, సెకండియర్ పరీక్షల ముందు రోజు. సింగపూర్ వీధులు చూస్తూ హీరోగాడు లేచి నిలబడి “ఒరేయ్, మనం నలుగురం అక్కడికెళ్ళాల్రా!” అన్నాడు. ముగ్గురం “వెళ్దాం” అన్నాం. మర్నాడు పరీక్ష ఎలా రాశామో అడక్కండి.

తర్వాత పదిహేనేళ్ళు ప్రతి సంక్రాంతికీ కలవడం, “వెళ్దాంరా” అనుకోవడం, టీ తాగి ఇళ్ళకి పోవడం. అది మాకు పండగలో ఒక భాగమైపోయింది, గొబ్బెమ్మల్లాగా.

2025 సంక్రాంతికి మాత్రం క్యాషియర్ టీగ్లాసు కింద పెట్టి, “మాటలు చాలు. మేలో వెళ్తున్నాం. మేష్టారికి సెలవులు. ప్లాను వీడేస్తాడు” అని నా వైపు చూపించాడు.

నేనే ఎందుకంటే, నలుగుర్లో పాస్‌పోర్టు మీద స్టాంపు పడ్డవాణ్ణి నేనొక్కణ్ణే! ఓ సినిమా ఫంక్షన్ రాయడానికి సింగపూర్ ఒకసారి వెళ్ళొచ్చాను. మూడు రోజులు. అందులో నేను చూసింది ఎయిర్‌పోర్టు, హోటలు, ఫంక్షన్ హాలు. కానీ వూళ్ళో మాత్రం ‘ఫారిన్ రిటర్న్డ్’ అనిపించుకున్నాను కదా... ఆ కిరీటం తియ్యబుద్ధి కాలేదు!

నా స్క్రీన్‌ప్లే

వారం రోజులు కూర్చుని షూటింగ్ షెడ్యూల్లాగా ప్లాను రాశాను. ఎనిమిది రోజులు. ఐదు స్టాపులు. సింగపూర్, మెలాకా, కౌలాలంపూర్, పెనాంగ్, లంకావీ! పొద్దున్న ఆరింటికి లేవడం దగ్గర్నించి రాత్రి పదకొండుకి పడుకోవడం దాకా గంటగంటకీ ఏం చెయ్యాలో రాశాను. పక్కన సినిమాల లిస్టు కూడా. ప్రభాస్ ‘బిల్లా’ 2009లో చాలాభాగం మలేషియాలోనే తీశారు కదా, రజనీ ‘కబాలి’ 2016లో అక్కడి కథే కదా... ఎవరెక్కడ నడిచారో అక్కడ మనమూ నడవాలి!

గ్రూపు కాల్ పెట్టి చదివి వినిపించాను. హీరో ఈలవేశాడు. క్యాషియర్ “మొత్తం ఎంత?” అన్నాడు. మనిషికి లక్షన్నర దాకా అవుతుందన్నాను. కాసేపు మౌనం. అప్పుడు మేష్టారు మెల్లగా అడిగాడు.

“ఒరేయ్, అక్కడ బాగాన్ దతో అని వూరుంది. పెరాక్ రాష్ట్రంలో. మన దారిలో పడుతుందా?”

నేను ఫోన్లో మ్యాపు తీసి చూశాను. మెయిన్ రోడ్డు వదిలేసి సముద్రం వైపు లోపలికెక్కడో వుంది. కొబ్బరితోటలు తప్ప పెద్దగా ఏమీ కనబళ్ళేదు.

“అక్కడేముందిరా చూడ్డానికి? ఒక్క సినిమా కూడా తియ్యలేదక్కడ!” అన్నాను. హీరో నవ్వాడు. నేనూ నవ్వాను. మేష్టారు “సరేలే” అన్నాడు.

ఆ ‘సరేలే’ని నేను సరే అనుకున్నాను. పదిహేనేళ్ళ స్నేహంలో వాడి ‘సరేలే’కి అర్థం తెలియకపోతే నేనేం విలేఖర్ని చెప్పండి?

తర్వాత పాస్‌పోర్టుల తనిఖీ. హీరో ఎప్పుడో గల్ఫ్ ఉద్యోగం కోసం పాస్‌పోర్టు తీయించాడు. వెళ్ళలేదు. “కొత్తదానిలాగే వుందిరా, ఒక్క మరకా లేదు” అని మురిసిపోతున్నాడు. తీరా చూస్తే గడువు ఇంకో ఐదు నెలలే! మనం ఆ దేశంలో అడుగుపెట్టే రోజుకి పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువుండాలి. సింగపూరయినా అంతే, మలేషియా అయినా అంతే. “సినిమా టిక్కెట్టు మీద కూడా ఇన్ని రూల్సుండవు కదరా” అని గొణుక్కుంటూ మళ్ళీ అప్లై చేశాడు.

ఇంటర్వెల్

ఫిబ్రవరిలో ఓ రాత్రి మేష్టారు ఫోన్ చేశాడు.

“ఒరేయ్, మీరు ముగ్గురూ వెళ్ళొచ్చేయండి. నాకు కుదిరేలా లేదు.”

“ఎందుకు కుదరదు? నీకు సెలవులే కదా?”

“అది కాదులే.”

“డబ్బా? నేనిస్తాను. నిదానంగా ఇద్దువుగాని.”

ఈ డైలాగు నేను చాలా గొప్పగా చెప్పాననుకున్నాను. ఎన్ని సినిమాల్లో చూళ్ళేదు! స్నేహితుడు ఇలా అనగానే అవతలివాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని వాటేసుకోవాలి. ఇక్కడ మాత్రం చాలాసేపు ఏ శబ్దమూ లేదు.

“నేను నిన్ను అడిగేనా?” అన్నాడు చివరికి. ఫోన్ పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండింది. వారం రోజులు కష్టపడి ప్లాను వేసింది నేను, డబ్బిస్తానన్నది నేను, మాట పడ్డదీ నేనేనా? మూడు వారాలు వాడికి ఫోన్ చెయ్యలేదు. వాడూ చెయ్యలేదు. గ్రూపులో హీరో ఒక్కడే సింగపూర్ ఫోటోలు పెట్టుకుంటూ కూర్చున్నాడు. వాటి కింద ఎవరూ ఏమీ రాయలేదు.

ఈ ముడి విప్పింది క్యాషియర్. లెక్కల మనిషి కదా, తేడా ఎక్కడొచ్చిందో పట్టుకున్నాడు.

“నీ ప్లానులో హీరోకి ఎన్ని స్టాపులున్నాయి?”

“అన్నీ వాడికోసమే కదా.”

“నాకు?”

“పెట్రోనాస్ టవర్స్ చూడాలన్నావు. పెట్టాను.”

“మేష్టారికి?”

నేను మాట్లాడలేదు.

“వాడు ఒక్కటే అడిగేడు. నువ్వు నవ్వేవు. తర్వాత డబ్బిస్తానన్నావు. ఏటనుకుంటాడ్రా?”

చెక్కపెట్టెలో ఉత్తరం

మర్నాడే బస్సెక్కి విజయనగరం వెళ్ళాను. మేష్టారి ఇల్లు నాకు కొత్త కాదు. డిగ్రీలో సగం భోజనాలు అక్కడే చేశాను. వాళ్ళ నాన్నగారు అరుగుమీద కూర్చుని వున్నారు. పెద్దాయనైపోయారు. మోకాళ్ళు సహకరించవు. నన్ను చూడగానే “సింగపూర్ బాబు వచ్చేడ్రా!” అని లోపలికి కేకేశారు. ఆ పలకరింపుతో నా తల దిగిపోయింది.

మేష్టారు ఏమీ అనలేదు. లోపలికెళ్ళి ఓ చెక్కపెట్టె తెచ్చాడు. అందులోంచి పాత ఉత్తరం ఒకటి తీశాడు. మడతల దగ్గర చిరిగిపోయింది. వాళ్ళ తాతగారి అన్న చిన్నతనంలోనే ఓడెక్కి మలయా వెళ్ళిపోయాడట, కొబ్బరితోటల్లో పనికి. 1961లో రాసిన ఆఖరి ఉత్తరమది. తోటలో పని దొరుకుతోంది, ఒంట్లో బాగానే వుంది, అమ్మని చూసుకోండి... అంతే. కింద వూరిపేరు ‘బాగాన్ దతో’ అని గుండ్రటి తెలుగు అక్షరాల్లో. ఆ తర్వాత వీళ్ళు రాసిన ఉత్తరాలకి జవాబు రాలేదట.

“నాన్న ఎప్పట్నించో అడుగుతున్నాడ్రా, ఆ వూరెలా వుంటుందో చూసి రమ్మని. దొరుకుతాడని కాదు, ఇప్పుడెక్కడ దొరుకుతాడు? ఊరికే చూసి రావడానికి.”

మీకు తెలుసో తెలీదో, మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నించి బ్రిటిషు వాళ్ళ కాలంలో ఎంతోమంది మలయా వెళ్ళారు. రబ్బరుతోటలకి కొందరు, కొబ్బరితోటలకి కొందరు. పెరాక్ రాష్ట్రం దిగువన వున్న ఈ బాగాన్ దతో చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. ఇప్పుడా వూరిపేరు బాగాన్ దతుక్ అని రాస్తారు. అక్కడి తెలుగువాళ్ళు 1955లోనే సంఘం పెట్టుకున్నారు. 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు హైదరాబాదులో జరిగితే, 1981లో రెండోవి కౌలాలంపూర్‌లో జరిగాయి! ఇదంతా నాకు మేష్టారే చెప్పాడు. నేను మాత్రం బిల్లా ఏ బిల్డింగు ముందు నడిచాడో వెతుక్కుంటూ కూర్చున్నాను!

“తప్పయిపోయింద్రా” అన్నాను. వాడు ఉత్తరం మళ్ళీ పెట్టెలో పెట్టి, “భోంచేద్దువుగాని రా” అన్నాడు.

రీషూట్

ఆ రాత్రే నలుగురం కూర్చుని నా స్క్రీన్‌ప్లే చింపేశాం. కొత్త రూలొకటే. ఒక్కొక్కరికి ఒక్క ‘తప్పనిసరి’. అది ఇంకెవరూ ప్రశ్నించకూడదు, నవ్వకూడదు. మిగిలింది వీలయితే చూస్తాం, లేకపోతే లేదు.

హీరోకి సింగపూర్ సింహం బొమ్మ. క్యాషియర్‌కి పెట్రోనాస్ టవర్స్. మేష్టారికి బాగాన్ దతుక్. నాకు మెలాకా. పెనాంగ్, లంకావీ రెండూ ఎగిరిపోయాయి. పెనాంగ్ తీసేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. కానీ ఆ రెండూ తీసేసేసరికి ప్లాను గాలి పీల్చుకుంది! ఎనిమిది రోజుల్లో ఐదుసార్లు పెట్టెలు సర్దడం తప్పింది. ఖర్చు కూడా మనిషికి లక్ష లోపుకి దిగింది. మేష్టారి మొహంలో చిన్న వెలుగు కనబడింది. డబ్బు సంగతి కూడా వుందన్నమాట. కాకపోతే వాడి నోటితో అది చెప్పించే హక్కు నాకు లేదు.

క్యాషియర్ ఇంకో మంచి మాట చెప్పాడు. “సింగపూర్‌లో దిగి మళ్ళీ సింగపూర్‌కే ఎందుకు రావాలి? కౌలాలంపూర్‌లో ఎక్కేద్దాం.” నిజమే కదా! వచ్చిన దారినే వెనక్కి పోతే ఒక రోజు దండగ. విశాఖ నించి సింగపూర్ వెళ్ళడం, కౌలాలంపూర్ నించి చెన్నై మీదుగా రావడం ఖాయం చేశాం.

వీసా సంగతి. సింగపూర్‌కి మనవాళ్ళకి ముందే వీసా కావాలి. దానికి అక్కడి ప్రభుత్వం గుర్తించిన ఏజెంట్లుంటారు. మలేషియా 2023 డిసెంబరు 1 నించి మనవాళ్ళకి ముప్ఫై రోజులదాకా వీసా అక్కర్లేదంది. కానీ రెండు దేశాలకీ వెళ్ళే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్లో ‘ఎరైవల్ కార్డు’ నింపాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు. అడిగే వెబ్‌సైటు కనబడితే అది అసలుది కాదని తెలుసుకోండి! ఈ రూల్సు మారుతుంటాయి. మీరు వెళ్ళేటప్పుడు నా వ్యాసం కాదు, ప్రభుత్వం వాళ్ళది చూసుకోండి.

నా తప్పు ఇంకొకటుంది, అదీ చెప్పేస్తాను. టిక్కెట్లు బుక్ చేసేటప్పుడు క్యాషియర్ ఇంటిపేరు మొదటి అక్షరం ఒక్కటే కొట్టాను. మనకి అలవాటే కదా, ఇంటిపేరంటే ఒక్క అక్షరం, చుక్క! పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరు పూర్తిగా వుంది. టిక్కెట్టు మీద పేరు పాస్‌పోర్టు మీద పేరుతో అక్షరం అక్షరం కలవాలి. దిద్దించుకోవడానికి డబ్బు కట్టాల్సొచ్చింది. నా జేబులోంచే కట్టాను. “మా తాతల నాటి ఇంటిపేర్రా, ఒక్క చుక్కతో మింగేశావు!” అన్నాడు క్యాషియర్.

సింహం జరిగింది

మే నెలలో ఓ రాత్రి విశాఖలో విమానం ఎక్కాం. ముగ్గురికీ అదే మొదటిసారి ఫారిన్. సింగపూర్ టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. “అయితే రెండున్నర గంటల జీవితం పోయినట్టేనా?” అని క్యాషియర్ బాధ. “తిరిగొచ్చేటప్పుడు ఇచ్చేస్తార్లే” అని మేష్టారి ఓదార్పు.

హోటల్లో హీరో ఫోన్ చార్జరు గోడలోకి దూరలేదు. అక్కడ, మలేషియాలో కూడా, మూడు చదరపు పుల్లల ప్లగ్గు. సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నవాడు చార్జరు లేక ఏడవడం ఎంత కామెడీ ట్రాకో మీరే ఊహించుకోండి! మెట్రో రైల్లో తినకూడదు, తాగకూడదు. డూరియన్ పండు లోపలికే రానివ్వరు. ఆ వాసన ఒక్కసారి తగిలితే ఎందుకో మీకే తెలుస్తుంది. చూయింగ్ గమ్ అమ్మకాలు 1992 నించి నిషేధం. హీరో జేబులోని గమ్ముని మేం విశాఖలోనే పారేయించాం.

సింహం దగ్గరికి వెళ్ళాం. తల సింహం, ఒళ్ళు చేప. ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తున్న ఆ బొమ్మ నోట్లోంచి నీళ్ళు పడుతుంటే హీరోగాడి మొహం చూడాలి! “ఒరేయ్, కమల్, రజనీ వచ్చిన రోజుల్లోనూ ఇది ఇక్కడే వుందన్నమాట!” అన్నాడు గుండెమీద చెయ్యేసుకుని.

ఇక్కడే నా విలేఖరి బుర్ర ఊరుకోలేదు. “వుంది గానీ ఇక్కడ కాదు. 1972లో పెట్టింది నది మొగ దగ్గర. తర్వాత కొత్త వంతెన కట్టాక అక్కణ్ణించి సరిగ్గా కనబడకుండా పోయింది. 2002లో ఇక్కడికి జరిపారు.”

వాడి మొహం వాడిపోయింది. మేష్టారు నా వంక ఓ చూపు చూశాడు. వెంటనే “పాత చోటు ఇక్కడికి నూట ఇరవై మీటర్లే. పద, అక్కడా నిలబడదాం” అన్నాను. నలుగురం అక్కడికెళ్ళి నిలబడ్డాం. సింహం లేదు. కానీ హీరో కళ్ళు మూసుకుని విశ్వనాథన్ గారి పాట ఈలవేశాడు. పక్కనే వెళ్తున్న తమిళ పెద్దాయనొకడు ఆగి, నవ్వి, అదే పాట తమిళంలో అందుకున్నాడు! ఆ సినిమా తమిళంలో కూడా తీశారు కదా. ఆ రోజుకి ఇంకేం చూడకపోయినా ఫరవాలేదన్నాడు హీరో.

సరిహద్దు

సింగపూర్ నించి మెలాకాకి బస్సు. మధ్యలో దేశం మారుతుంది! మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోండి. సింగపూర్ వైపు దిగి పాస్‌పోర్టు తనిఖీ చేయించుకోవాలి. మళ్ళీ బస్సెక్కి వంతెన దాటాక మలేషియా వైపు సామానంతా మోసుకుని దిగి మళ్ళీ తనిఖీ. బస్సు నంబరు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోవాలి. ఎందుకంటే అక్కడ ఒక్కలాంటి బస్సులు పాతికుంటాయి.

క్యాషియర్ వేరే లైన్లో నిలబడి తప్పిపోయాడు. పావుగంట కనబళ్ళేదు. వాడి ఫోన్లో ఆ దేశం సిమ్ము ఇంకా వెయ్యలేదు. నాకు చెమటలు పట్టాయి. చివరికి చూస్తే ఓ స్తంభం దగ్గర కదలకుండా నిలబడి వున్నాడు. “తప్పిపోతే కదలకుండా ఆఖరిసారి కలిసున్న చోటే నిలబడమని మేష్టారు చెప్పేడు కదా” అన్నాడు ప్రశాంతంగా. స్కూలు పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్ళినవాడి అనుభవం ముందు నా స్క్రీన్‌ప్లే ఏపాటిది!

మెలాకా నా వంతు. 1511లో పోర్చుగీసు వాళ్ళు, 1641లో డచ్చి వాళ్ళు, తర్వాత ఇంగ్లీషు వాళ్ళు... ఒకరి తర్వాత ఒకరు పట్టుకున్న వూరది. ఎర్రరంగు డచ్చి కట్టడం ముందు కూర్చుని ఏ పనీ లేకుండా రెండు గంటలు గడిపాను. నా పాత ప్లానులో ఆ చోటుకి ఇరవై నిమిషాలు రాసుకున్నాను!

కౌలాలంపూర్‌లో క్యాషియర్ తన 452 మీటర్ల జంట గోపురాల కింద వెల్లకిలా పడుకుని అంతస్తులు లెక్కపెట్టాడు. ఎనభై ఎనిమిది వుండాలి. రెండుసార్లు లెక్క తప్పింది. మూడోసారి సరిపోయింది. బటూ గుహల దగ్గర 272 మెట్లు నలుగురం ఎక్కాం. ముప్ఫైలలోనే మా ఊపిరి చూసి కోతులు కూడా జాలిపడ్డాయి!

నాలుగో స్టాపు

కారు మాట్లాడుకుని పొద్దున్నే బయల్దేరాం. మూడు గంటలు దాటింది. దారిలో తెలుక్ ఇంతాన్ అనే వూళ్ళో, 1885లో కట్టిన ఓ గడియారం గోపురం పక్కకి ఒరిగి నిలబడి వుంది. హీరో దానికి చెయ్యి అడ్డంపెట్టి ఆపుతున్నట్టు ఫోటో దిగాడు. అక్కణ్ణించి సముద్రం వైపు తిరిగాక కొబ్బరిచెట్లు మొదలయ్యాయి. మేష్టారు కిటికీ అద్దం దింపేశాడు. “మన కోనసీమలాగ లేదూ?” అన్నాడు. ఆ తర్వాత మాట్లాడలేదు.

ఓ చిన్న కొట్టు దగ్గర టీ తాగడానికి ఆగాం. మామూలుగా మా గోల మేం చేసుకుంటున్నాం. మూల బెంచీ మీద కూర్చున్న ఓ ముసలావిడ మా వంకే చూస్తోంది. లేచి దగ్గరికొచ్చింది.

“మీదే వూరు బాబూ?”

నలుగురం ఒక్కసారి ఆగిపోయాం. తెలుగు! టీవీలో వినే తెలుగు కాదు, హైదరాబాదు తెలుగు కాదు.

మేష్టారు లేచి నిలబడ్డాడు. “ఇజీనారం, అమ్మా” అన్నాడు. వాడు స్కూల్లో ‘విజయనగరం’ అని బోర్డుమీద రాసేవాడు. ఆ క్షణంలో మాత్రం వాళ్ళ నాయనమ్మ పలికినట్టు పలికాడు.

“మా తాత సెప్పీవోడు ఆ పేరు” అంది ఆవిడ. “నానెప్పుడూ సూడ్లేదు.”

ఉత్తరం చూపించాం. చదవడం రాదంది. పేరు చెబితే తెలియదంది. మమ్మల్ని వెంటబెట్టుకుని రెండిళ్ళకి తీసుకెళ్ళింది. వాళ్ళకీ తెలియలేదు. పాత తోటలు చేతులు మారాయట, పిల్లలు పట్నాలకి పోయారట, ముసలివాళ్ళు మిగిలారట. అంతే. సినిమా అయితే ఇక్కడ ఓ ఫోటో దొరకాలి, ఓ మనవడు పరుగెత్తుకు రావాలి. ఏమీ దొరకలేదు.

కానీ మేష్టారు వాళ్ళ నాన్నగారికి ఫోన్ కలిపి, ఆవిడ చేతికిచ్చాడు. “మా నాన్న. మాట్లాడమ్మా.”

వాళ్ళిద్దరూ ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. గోంగూర గురించి, ఉగాది పచ్చట్లో ఏమేమి వేస్తారన్న దాని గురించి, వానల గురించి. ఒకరినొకరు ఎప్పుడూ చూడని ఇద్దరు ముసలివాళ్ళు పక్కింటి వాళ్ళలాగా మాట్లాడుకుంటుంటే మేం నలుగురం కొబ్బరిచెట్టు కింద నిలబడి విన్నాం. హీరో ఆ ఇరవై నిమిషాలూ ఫోన్ జేబులోంచి తియ్యలేదు. ప్రయాణం మొత్తమ్మీద పద్నాలుగొందల ఫోటోలు తీసినవాడు!

వచ్చేటప్పుడు మాత్రం ఆవిణ్ణి అడిగి ఒక్కటి తీశాడు. ఆవిడ పక్కన మేష్టారు. ఇద్దరూ కెమెరా వైపు చూడటంలేదు.

శుభం కార్డుకి ముందు

ఆ ఫోటో ఇప్పుడు మేష్టారి ఇంట్లో, అరుగు పక్క గోడమీద వుంది. వాళ్ళ నాన్నగారు వచ్చిన వాళ్ళందరికీ చూపించి, “మా పెదనాన్న వూరు” అని చెబుతున్నారు. ఆవిడెవరని ఎవరైనా అడిగితే “మనవాళ్ళే” అంటున్నారు.

మీలో ఎంతమంది స్నేహితులతో ఇలాంటి ప్లాను వేసుకుంటున్నారో నాకు తెలియదు. పాస్‌పోర్టు గడువు చూసుకోండి. పేర్లు అక్షరం అక్షరం సరిచూసుకోండి. ప్లగ్గు కొనుక్కోండి. సగం స్టాపులు కొట్టేయండి. అన్నిటికన్నా ముందు, నలుగుర్లో తక్కువ మాట్లాడేవాణ్ణి ముందుగా అడగండి, నీకేం చూడాలనుందిరా అని. అడిగాక నవ్వకండి.

మొన్న సంక్రాంతికి మళ్ళీ కలిశాం. టీ వచ్చింది. హీరో ఈసారి జపాన్ అంటున్నాడు. క్యాషియర్ “ఎంత?” అన్నాడు. నేను కాగితం తీసి, కలం మేష్టారి చేతికిచ్చాను.